కారు తలుపులో ఆయా గొంతు

ఇప్పటి నర్సమ్మలు కలిసినప్పుడు నన్నొకటి అడుగుతుంటారు. "ఫోన్లు లేని రోజుల్లో అడవి ఊళ్ళల్లో జనాన్ని ఎట్లా పోగు చేసేవాళ్ళు మేడమ్?" అని. ఆ అడగడంలో కాస్త జాలి ఉంటుంది. నాకు ఆ జాలి నచ్చదు. అందుకే వాళ్ళను కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, మా పాత కారు స్పీకరు సంగతి చెబుతాను. చాయ్ చల్లారినా నేను ఆపను. మీరూ ఓపిక పట్టండి.

ఎనభైల్లో నన్ను పినపాక వైపు అడవి అంచున ఉన్న ఒక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ విజిటర్‌గా వేశారు. నేను చేరిన కొన్నాళ్ళకే అక్కడి జీపు షెడ్డుకు పోయి మళ్ళీ రాలేదు. దాని బదులు ఖమ్మంలో ఎవరో పెద్ద ఆఫీసరు వాడి వదిలేసిన తెల్ల కారును మాకు తోలారు. వాగులు, గుట్టలు, బురద దారులు. వాటికి కారు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ఆఫీసరుకు పాటల మీద మోజు ఉండేదేమో, స్టీరింగు పక్కన క్యాసెట్ ప్లేయరు, ముందు తలుపుల్లో చెరొక స్పీకరు పెట్టించుకున్నాడు. ప్రభుత్వం మాకిచ్చిన ఒకే ఒక్క విలాసం అది.

ఆ బండి డ్రైవరుది కల్లూరు దగ్గర రైతు కుటుంబం. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. ఆయన కారును రోజూ తుడిచేవాడు. తలుపు గట్టిగా వేస్తే డాక్టరుగారినైనా సరే కళ్ళెర్రజేసి చూసేవాడు. "మా ఇంట్లో ఎడ్లను కూడా ఇంత బాగా చూసుకోలేదండీ సిస్టరమ్మగారూ" అనేవాడు. నేను ఆయన్ను అన్నా అని పిలిచేదాన్ని. ఇద్దరికీ ముక్కు మీదే కోపం కాబట్టి రోజుకోసారైనా పోట్లాడుకునేవాళ్ళం.

ఇంకొక మనిషి మా ఆయా. కోయ ఆమె, వయసులో నాకంటే పెద్దది. ఆస్పత్రి ఊడ్చి, కాన్పులకు సాయంపట్టి, మధ్యలో నాకు బుద్ధులు చెప్పేది. వాగు అవతలి ఊరు ఆమె పుట్టిల్లు. నేను మొదట్లో ఆ ఊరికి ఐసు డబ్బాలో టీకాలు పట్టుకుని పోతే ఒక్క తల్లి బయటికి వచ్చేది కాదు. వీధిలో నిలబడి గొంతు చించుకుని వచ్చాక ఒకసారి ఆయా నన్ను ఆపింది.

"ఎవలింటికన్న పోతే గట్లనే ఒర్రుతవా సిస్టరమ్మా? అరుగు మీద కూసుంటవు. మంచి చెడ్డ అడుగుతవు. గప్పుడు కద సంగతి చెప్పేది."

ఆ మాటతోనే మా పద్ధతి మారింది. డాక్టరుగారి టేప్ రికార్డర్‌లో ఆయా గొంతు పట్టాం. ముందు ఆమె, ఆమె ఈడు ఆడవాళ్ళు పాడిన నాట్ల పాటలు. తర్వాత కోయ మాటల్లో ఇంటింటి పలకరింపు. ఎవరి ఆవు ఈనింది, ఎవరి అత్త మోకాలు ఎట్లా ఉంది. చివర్న ఎప్పుడో సూది మాట. కారు ఊళ్ళోకి పోయేది కాదు. ఊరి బయట ఇప్పచెట్టు కింద ఆపి, ఇంజను కట్టేసి, ముందు తలుపులు రెండూ బార్లా తెరిచి క్యాసెట్ పెట్టి మేము నోరు మూసుకుని కూర్చునేవాళ్ళం. ఆ చప్పుడు పెద్దగా ఏమీ ఉండదు, దగ్గరికి వస్తేనే వినిపిస్తుంది. అందుకే దగ్గరికి వచ్చేవాళ్ళు. తలుపుల పక్కన చతికిలబడి, పిల్లలను ఒళ్ళో పెట్టుకుని వినేవాళ్ళు. అట్లా ఏడాది తిరిగేసరికి ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో మా తెల్ల కారును చూసి పారిపోయేవాళ్ళు లేకుండా పోయారు.

ఆ వానాకాలంలో వాగు మమ్మల్ని దెబ్బ కొట్టింది. తగ్గిందనుకుని దిగితే నడిమధ్యలో బండి ఆగింది. నీళ్ళు సీట్ల దాకా వచ్చాయి. తోద్దామని దిగిన ఆయా పాదం రాళ్ళ మధ్య ఇరుక్కుని కాలు విరిగింది. ఆమెను మోసుకుని గట్టెక్కించి భద్రాచలం తీసుకుపోయాం. పిండికట్టు వేసి, అది తీసేదాకా బండి ఎక్కించొద్దని చెప్పి పంపితే మా వార్డులోనే మూల మంచం మీద పడుకోబెట్టాం. కారు ఇంజను ఆరబెడితే మళ్ళీ పనిచేసింది. స్పీకర్లు మాత్రం కాసేపు పుక్కిలించినట్టు గురగురమని మూగబోయాయి. విప్పి చూస్తే లోపలి అట్ట నానిన అప్పడంలా అయిపోయింది.

సరిగ్గా అప్పుడే వాగు దిగువ ఊళ్ళల్లో తట్టు మొదలైంది. ఒక పసిబిడ్డ చనిపోయింది. ఆయా ఈ కబురు వినగానే లేచి కూర్చోబోయింది.

"వచ్చే నెల మా ఊళ్ళె కొత్తల పండగ, కొత్త గింజలు తినే పండగ. గా ఊళ్ళ చుట్టాలందరు వస్తరు. తట్టు గూడ వాళ్ళ ఎంబడే వస్తది. మా అన్న మనుమరాలికి ఇంకా సూది పడలే" అంది. "నేను నడవలేను. నా గొంతన్న పోవాలె సిస్టరమ్మా."

టీకా పని చెయ్యాలంటే పండగకు కనీసం రెండు వారాల ముందు పడాలి. డాక్టరుగారు కుర్రవాడు, మంచివాడు, ఖర్చంటే మాత్రం భయం. "స్పీకర్లు ఎందుకు సిస్టర్? మన స్టోరులో మైకు హారన్ ఉంది కదా" అన్నాడు. మాకెవరికీ ఇంత మంచి ఆలోచన రానందుకు సిగ్గుపడ్డాం కూడా. డ్రైవరు తన పాత దుప్పటి పరిచి, గీత పడకుండా హారన్‌ను కారు నెత్తిన కట్టాడు. వాగు తగ్గగానే బయల్దేరాం.

ఇప్పచెట్టు కింద ఆగి క్యాసెట్ పెట్టాం. ఆయా పాట రేకు డబ్బాలో అరుపులా వెళ్ళి గుట్టకు తగిలి తిరిగొచ్చింది. రెండో పాట మొదలయ్యేలోపు ఊరు ఊరంతా అడవిలోకి పరిగెత్తింది. పొయ్యి మీద కుండలు ఉడుకుతున్నాయి. కోళ్ళు మాత్రం మిగిలాయి. బండి నెత్తిన మైకు కట్టుకుని ఆ ఊరికి వచ్చినవాళ్ళు ఎప్పుడూ మంచి కబురు తేలేదు. పోడు కొట్టొద్దనో, ఇళ్ళు ఖాళీ చెయ్యమనో చెప్పడానికే వచ్చారు. ఇది ఆ ఊరి పిల్లలకు కూడా తెలుసు. చదువుకుని సర్వీసులో ఉన్న మాలో ఒక్కరికీ తట్టలేదు.

పారిపోనివాడు ఒక్కడే. ఆయా అన్న, ఆ ఊరి పెద్దమనిషి. గుడిసె ముందు గొంతుక్కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు.

"మా చెల్లె ఏది?" అన్నాడు.

"కాలిరిగింది. దవాఖానల ఉన్నది" అన్నాను.

"వాగుల కొట్టుకపోయిందని విన్నం. గీ గొంతు దానిది కాదు. మా చెల్లె గట్ల ఒర్రదు. దాన్ని ఏం జేసిండ్రు మీరు?"

నేను ఒట్టేసి చెప్పాను, డ్రైవరు చేతులు జోడించాడు. ఆయన మా ముఖాల వైపు చూడనైనా లేదు, లేచి లోపలికి పోయి తడిక వేసుకున్నాడు. ఐసు కరిగిపోయింది. టీకా మందంతా పారబోయాల్సి వచ్చింది. తిరుగు దారిలో మేమిద్దరం పోట్లాడుకోను కూడా లేదు. తర్వాత మా అటెండర్ను పంపి నచ్చజెప్పించబోతే, "వాళ్ళు చెప్పమన్నదే చెప్తవు" అని ఆ పెద్దమనిషి అతన్ని ఊళ్ళోకే రానివ్వలేదు.

ఈ సంగతంతా ఆయాకు చెప్పక తప్పలేదు.

"నేను సచ్చిననుకుంటున్నడు మా అన్న" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "జల్దీ ఏదన్న చెయ్యి సిస్టరమ్మా. పోరగాండ్లు ఆగమైతరు."

ఆ రోజు నాకు పంతం పట్టుకుంది. ఆ తలుపుల్లో మళ్ళీ ఆమె గొంతు పలకాలి, ఆమె గొంతులాగే పలకాలి. అంతే.

ముందు ఖమ్మం ఆఫీసులో అడిగాను. టైరు అడిగితే ఇస్తారు, బ్యాటరీ అడిగితే ఆలస్యంగానైనా ఇస్తారు. స్పీకర్లు అనగానే అక్కడి గుమాస్తా కళ్ళజోడు తీసి, "పాటలు వినుకుంట డ్యూటీ చేస్తున్నరా అమ్మా?" అన్నాడు. పక్క టేబుల్ వాళ్ళు నవ్వారు. నేను టీకా, తట్టు, వాగు అని చెప్పుకుంటూ పోతే వాళ్ళ నవ్వు ఆగింది కానీ స్పీకర్లు రాలేదు. ఆ పద్దు కింద పైసా లేదట.

తర్వాత దుకాణాల మీద పడ్డాం. భద్రాచలంలో అడిగితే ఇప్పుడొచ్చే స్పీకర్లు ఆ పాత తలుపు బెజ్జానికి పట్టవన్నారు. పెద్దది పెట్టాలంటే రేకు కొయ్యాలి. "నా బండి తలుపు కొయ్యనిస్తానా అండీ!" అని డ్రైవరు దుకాణం బయటికి నడిచాడు. ఖమ్మంలో పెద్ద షాపులో సరిగ్గా సరిపోయే జత దొరికింది. అడిగింది నేనైతే షాపాయన జవాబులన్నీ డ్రైవరుకే చెప్పాడు. ధర వినగానే జేబులో చెయ్యి పెట్టిన డ్రైవరు ఆ చేతిని అట్లాగే ఖాళీగా బయటికి తీశాడు. నా జీతమూ ఆయన జీతమూ కలిపినా అందేటట్టు లేదు. కొత్తగూడెంలో పాత ఇనుప సామాన్ల దగ్గర మా బండి లాంటిదే ఒకటి కుప్పలో పడి ఉందంటే ఆశగా పోయాం. తలుపులు విప్పితే స్పీకర్ల అట్టను ఎలుకలు ఎప్పుడో తినేశాయి. చివరికి డ్రైవరు పట్టుబట్టి మా స్పీకరుకే గంజితో గుడ్డ అతికించి ఎండబెట్టాడు. అందులోంచి వచ్చిన శబ్దం విని వార్డులోంచి ఆయా, "అది నా గొంతు కాదు, కాకిది" అని కేక వేసింది. కాలు విరిగాక ఆమె నవ్వింది అదే మొదటిసారి.

ఇట్లా తిరగడంలోనే రోజులు గడుస్తున్నాయి. నాకు అన్నం సయించేది కాదు. ఒకరోజు ఖమ్మం నుంచి వట్టి చేతులతో వస్తుంటే డ్రైవరు బండిని కల్లూరు వైపు తిప్పాడు. "మా వదిన చేతి ముద్ద తినందే మీకు బుర్ర పనిచెయ్యదండీ" అన్నాడు. నేను విసుక్కున్నాను కానీ వద్దనలేదు.

ఆయన వదినగారు వడ్డించారు. గోంగూర పప్పు ముందు కూర్చుని కూడా నా కళ్ళు గోడ మీదే ఉన్నాయి. అక్కడొక అల్మారా, దాని మీద కుట్టుపూల గుడ్డ కప్పిన పెద్ద రేడియో. లోపల గాజు బుడ్లు వెలిగే పాత కాలపు రేడియో. అప్పటికే ఊళ్ళల్లోకి టీవీలు వస్తున్నాయి.

"ఏందమ్మా, అన్నం తినకుండా దాని వంక చూస్తున్నావు? అది పలికి చాలా ఏళ్ళయింది. బుడ్లు మాడిపోయినయ్, ఎక్కడా దొరకట్లా" అన్నారామె.

"బుడ్లు పోతే పోయినయి. స్పీకర్ బాగనే ఉందా వదినగారూ?"

ఆ ప్రశ్న నా నోట్లోంచి వచ్చాక డ్రైవరు, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇన్నాళ్ళూ మేము కారు స్పీకరు కావాలనే అడిగాం. కారుదంటే దాని ధరే వేరు. గొంతు పలికించేది రేడియోదైతేనేం? పైగా ఆ కారు, ఈ రేడియో ఇంచుమించు ఒకే ఈడువి. డ్రైవరు ఎంగిలి చేత్తోనే రేడియో వెనక్కి పోయి జానతో కొలిచి, "సరిపోద్దండీ!" అని అరిచాడు.

"ఆగు మరిదీ" అన్నారు వదినగారు. గొంతులో కోపం ఉంది. "నేను కాపరానికి వచ్చిన కొత్తలో మీ అన్న కొన్న రేడియో ఇది. ఎవడో ఒకడు వచ్చి ఊడబీక్కుపోడానికి గుడ్డ కప్పి దాచుకున్నానా?"

డ్రైవరు తల దించుకున్నాడు. నేను చెయ్యి కడుక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. అమ్మమని అడగలేదు, ఆయా సంగతి చెప్పాను. వాగు, కాలు, అన్న అడిగిన మాట, పండగ, చుట్టాలు, తట్టు. ఆమె మధ్యలో ఒక్కటే అడిగారు.

"చెల్లెలు చచ్చిపోయిందనే అనుకుంటున్నాడా ఇంకా?"

"అవ్ వదినగారూ."

ఆమె లేచి లోపలికి పోయారు. కోపంతో పోయారనుకున్నాను. స్క్రూడ్రైవరుతో వచ్చి మరిది చేతిలో పెట్టారు. "పెట్టె మాత్రం కదిలించకండి. గుడ్డ మళ్ళా అట్లాగే కప్పాలి. డబ్బు మాట ఎత్తొద్దు. నా రేడియో మళ్ళా మాట్లాడిందో లేదో వచ్చి చెప్పు, చాలు" అన్నారు. నేను ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టబోతే తిట్టారు.

వచ్చింది ఒక్క స్పీకరే. కల్లూరులోనే రేడియోలు బాగుచేసే ఆయనతో తీగలు అతికించుకుని కుడి తలుపుకు బిగించాం. ఎడమ తలుపు మూగదిగానే ఉండిపోయింది.

పాత క్యాసెట్ ఇక పనికిరాదు, దాన్ని ఊరు నమ్మదు. కొత్తగా పట్టాలి. టేప్ రికార్డర్ మంచం మీద పెడితే ఆయా గొంతు సవరించుకుని సభలో మాట్లాడినట్టు మొదలుపెట్టింది. నేను ఆపేశాను.

"మీ అన్నతోటి గిట్లనే మాట్లాడతవా?"

"గట్లెట్ల మాట్లాడత? తిడత" అంది.

"అయితే తిట్టు."

ఇక ఆమెను ఆపలేకపోయాం. గాజులు గలగలమంటున్నాయి, మధ్యలో దగ్గు, వార్డులోకి దూరిన కోడి అరుపు. అన్నీ పడ్డాయి. డాక్టరుగారు కోడి అరుపు తీసేసి మళ్ళీ రికార్డు చేద్దామన్నాడు. ఆయనకు నేనేమి జవాబిచ్చానో ఇప్పుడు రాయను గానీ, కోడి అట్లాగే ఉండిపోయింది.

టీకా వచ్చిన రోజు పొద్దున్నే బయల్దేరాం. వాగు దగ్గర డ్రైవరు బండి ఆపి, తలుపు విప్పి, స్పీకరు ఊడదీసి తువ్వాలులో చుట్టి నా ఒళ్ళో పెట్టాడు. ఒక తొడ మీద ఐసు డబ్బా, ఒక తొడ మీద స్పీకరు. అవతలి గట్టెక్కాక మళ్ళీ బిగించాడు. ఈ విడత మందు కూడా పారబోస్తే పండగలోపు ఇంకో విడత రాదు. అది ఇద్దరికీ తెలుసు.

ఇప్పచెట్టు కింద ఇంజను ఆపాం. కారు నెత్తిన ఏమీ లేదని కనబడాలని డ్రైవరు బండి చుట్టూ తిరిగి ఊరికే పైకప్పు తుడిచాడు. తలుపు తెరిచి పాట పెట్టాం. వెదురు దడుల వెనక తలలు కదిలాయి, ఎవరూ రాలేదు. పాట అయిపోయింది. గాజులు గలగలమన్నాయి. ఆయా మాట మొదలైంది.

ఆమె అన్న గుడిసెలోంచి బయటికి వచ్చాడు. నెమ్మదిగా నడిచి వచ్చి, తలుపు దగ్గర గొంతుక్కూర్చుని చెవి ఆనించాడు. ఆయా ఏమేమి అన్నదో నాకు ముందే తెలుగులో చెప్పింది కాబట్టి వరస తెలుసు. నేను చచ్చానని ఎవడు చెప్పాడు నీకు? నా దినాల కూడు కూడా తిన్నావా? చిన్నప్పుడు ఇదే వాగులో నన్ను భుజాన ఎక్కించుకుని దాటించినవాడివి. ఇప్పుడు నీ మనుమరాలిని అదే భుజాన ఎక్కించుకుని సిస్టరమ్మ దగ్గరికి తీసుకురా. పండగకు తట్టు వస్తుంది. వచ్చేలోపు సూది పడాలి.

మాట అయిపోయింది. క్యాసెట్ సుయ్యిమంటోంది. ఆయన కదల్లేదు. తలుపుకు నోరు దగ్గర పెట్టి నెమ్మదిగా ఏదో అన్నాడు. అని ఆగాడు. జవాబు కోసం ఆగాడు. దడుల దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళలో ఒక్కరు కూడా నవ్వలేదు. పక్కన ఉన్నామెను, "ఏమన్నడు?" అని గుసగుసగా అడిగాను.

"కాలు నొస్తున్నదా అని అడుగుతుండు" అందామె.

కాసేపటికి ఆయనే లేచాడు. ఊళ్ళోకి పోయి, మనుమరాలిని భుజాన ఎక్కించుకుని తెచ్చి నా ముందు దించాడు. పిల్ల ఏడుస్తుంటే చెయ్యి తనే పట్టుకున్నాడు. ఆ తర్వాత వరసగా తల్లులు వచ్చారు. మందు అయిపోయేదాకా నేను తల ఎత్తలేదు. డ్రైవరు క్యాసెట్ తిప్పి తిప్పి పెడుతూనే ఉన్నాడు. ఆయా తిట్లు ఆ ఊరందరికీ నోటికొచ్చేశాయి, కోడి అరుపుతో సహా.

కల్లూరు పోయి వదినగారికి చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుని, ఖాళీ రేడియో మీద గుడ్డ సర్దారు.

పండగకు చుట్టాలు వచ్చారు. దిగువ ఊళ్ళ నుంచి తట్టుతో ఉన్న పిల్లలూ వచ్చారు. ఆ ఊరి పిల్లలకు ఏమీ కాలేదు. పిండికట్టు అప్పుడే తీశారు కాబట్టి ఆయాను కర్ర సాయంతో నడిపించి కారు వెనక సీట్లో కూర్చోబెట్టుకుని పోయాం. ఆమె వస్తున్నట్టు ముందుగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పచెట్టు కింద ఆగగానే అన్న నవ్వుకుంటూ వచ్చాడు. మేము అలవాటుగా కుడి తలుపు తెరిచాం. ఆయనా అలవాటుగా దాని దగ్గరికి వంగి, ఆనాటి మాటే మళ్ళీ అడిగాడు. ఆ కోయ మాటలు అప్పటికి నాకూ వచ్చు. కాలు నొస్తున్నదా అని.

"కొంచెం నొస్తున్నది అన్నా" అని జవాబు వెనక సీట్లోంచి వచ్చింది.